గేదె పలుపుకి రెండో కొస

మొన్న ఆదివారం కడియంలో మా చెల్లెలి ఇంట్లో భోజనాలయ్యాక, అందరం వరండాలో ఎవరి ఆయాసంలో వాళ్ళం చేరబడి ఉండగా, మేనకోడలు ఫోన్లో చూసి ఒక పొడుపు ప్రశ్న వేసింది. గేదె మెడలో పది అడుగుల తాడుంది. ఇరవై అడుగుల దూరంలో ఉన్న గడ్డిని అది మేసేసింది. తాడు తెగలేదు, సాగలేదు. మరి ఎలా మేసింది? మెడ పొడుగేమో అన్నారు మా బావగారు, కళ్ళు తెరవకుండానే. గాలికి గడ్డే నడిచొచ్చిందంది చెల్లెలు. కాసేపు ఊరించి, "తాడు రెండో కొస దేనికీ కట్టలేదు" అంది పిల్ల. అందరూ నవ్వారు. మా బాబాయి మాత్రం, "మెడకి కట్టినవాడు గుంజకి కట్టకుండా ఎందుకు పోతాడమ్మా" అని, గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూడ్డానికి వంటింట్లోకి వెళ్ళాడు. అప్పటికే రెండుసార్లు చూసొచ్చాడు.

ఆ జవాబు నాకు పాతికేళ్ళుగా తెలుసు. అప్పుడు మా నాన్నకి ఇక్కడే నర్సరీ ఉండేది. మొక్కల పని, పశువుల పని బాబాయిదే. నేను డిగ్రీ పూర్తిచేసి, ఏ పనీ లేకపోయినా తీరిక లేనట్టు తిరుగుతూ ఉండేవాణ్ణి. ఒకరోజు మందార మొక్కలకి లారీ వచ్చింది. బాబాయి గేదెని పాక గుంజకి కట్టి భోజనానికి వెళ్ళాడు. లారీ వెనక్కి రావడానికి గేదె అడ్డమైతే, నేనే విప్పి పక్కకి తోలి, పలుపు నేలమీద వదిలేశాను. తర్వాత కడదాంలే అనుకుని డ్రైవరుతో టీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి రెండు వరుసల మందారలు సంచుల్లో మోళ్ళుగా మిగిలాయి. గేదె నెమరు వేస్తూ నాకేసి ఎంతో స్నేహంగా చూసింది. ఎవరూ రాకముందే దాన్ని లాక్కెళ్ళి, మొక్కల పక్కనున్న మోటారు షెడ్డు గుంజకి కట్టేశాను.

నాన్న వచ్చి చూసి నిలదీస్తే, "నేను పాక గుంజకే కట్టానన్నయ్యా" అన్నాడు బాబాయి. అప్పుడు నేను పలుపుని చేతులు చాచి బారలు వేసి కొలిచాను. మూడు బారలు. పాక నుంచి మొక్కల దాకా ఆరు. షెడ్డు నుంచి రెండే. "నువ్వు చెప్పినచోట కట్టుంటే అందదు కదా బాబాయ్" అన్నాను. ఎక్కడ కట్టారన్నదే అందరూ చూశారు గాని, కట్టి ఉందా అని ఒక్కరూ అడగలేదు. చదువుకున్నవాడి లెక్క అన్నాడు నాన్న. మర్నాటి నుంచి బాబాయిని మొక్కల దగ్గర్నుంచి తప్పించి గేటు దగ్గర కూర్చోబెట్టాడు.

బాబాయి వారం రోజులు వాదించాడు. తర్వాత, "నేనే కట్టుంటాన్రా, పరధ్యానంలో" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు ఊపిరి ఆడింది, అదీ నిజమే. అప్పట్నుంచి గడియ రెండుసార్లు, తాళం మూడుసార్లు చూసుకోవడం మొదలుపెట్టాడు. "మీరు వేశారంటేనే నాకు భయమండీ" అనేది పిన్ని. మేం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వేవాణ్ణి.

ఆదివారం నేనూ వెనకాలే వంటింట్లోకి వెళ్ళాను.

"బాబాయ్, ఆ రోజు గేదెని విప్పింది నేను. షెడ్డు దగ్గర కట్టిందీ నేనే."

బాబాయి చెయ్యి సిలిండరు మీదే ఉంది. తిట్టలేదు. "అంటే నేను పాక గుంజకే కట్టాను."

"అక్కడే కట్టావు."

"గట్టిగానే?"

"ముడి విప్పడానికి నాకు గోళ్ళు నొప్పెట్టాయి."

సిలిండరు మీంచి చెయ్యి తీశాడు. "మీ పిన్ని ఉండగా చెప్పాల్సిందిరా. ఆసుపత్రిలో ఆఖరిరోజు కూడా, ఇంటికి తాళం వేశానంటే నమ్మలేదు. పక్కింటావిడకి ఫోన్ చేసి చూడమంది."

వరండాలోకి వచ్చి అందరికీ చెప్పాను. "ఇప్పుడెందుకన్నయ్యా అవన్నీ" అంది చెల్లెలు. బాబాయి, "చెప్పనీవే" అని, అందరికీ వినపడేలా ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. రెండు నిమిషాలు పట్టింది. లారీ వచ్చిన ఆ రోజు తర్వాత పిన్ని బతికున్న ఇరవై మూడేళ్ళలో ఆ రెండు నిమిషాలు నాకు దొరకలేదు.