నిమిషంలో చెప్పిన మంద

నాకు పాములంటే భయం లేదు. కుక్కలు వెంటపడే వీధుల్లో ఇంటింటికీ తిరిగినదాన్ని. నాకు భయమల్లా మాట కోసం వెతుక్కునేటప్పుడు ముసలివాళ్ళ కళ్ళలో కనపడే చూపు. ఇంటి ముందుకు వచ్చాక జేబులో తాళంచెవి లేదని తెలిసిన మనిషి తడుముకుంటాడే, ఆ చూపు. దాన్ని చూసి కాగితం మీద రాసుకోవడమే నా ఉద్యోగం.

ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి పైన మేడగదిలో మా ఆఫీసు. అరవై దాటినవాళ్ళలో మతి తప్పే జబ్బు ఎవరికి వస్తుంది, దాన్ని ముందే పసిగట్టే వీలుందా అని పరిశోధన. డాక్టర్లు వేరే ఊరి నుంచి నెలకోసారి వస్తారు. ఎండలో పడి తిరిగేది మాత్రం మేము. జమ్మలమడుగు దాకా బస్సు, అక్కడినుంచి మైలవరం వైపో కొండాపురం కాలనీల వైపో ఆటో. ఐదు మాటలు చెప్పి, కాసేపయ్యాక వాటినే మళ్ళీ చెప్పమనాలి. ఈ రోజు ఏ వారమో అడగాలి. ఇది ఏ ఊరో అడగాలి. "ఏమ్మే, నాకు పిచ్చి పట్టిందని ఎవురు చెప్పినారు నీకు?" అని ఒక అవ్వ నా మీదికి చీపురు ఎత్తింది కూడా. ముంపు ఊళ్ళవాళ్ళకు కట్టిన ఆ కాలనీల్లో చాలామంది, ఇది ఏ ఊరంటే రిజర్వాయరులో మునిగిపోయిన తమ ఊరి పేరు చెప్పేవాళ్ళు. అది తప్పు కింద వేయాలని నియమం. వేసేదాన్ని. వేసిన ప్రతిసారీ ఒళ్ళు మండేది.

అసలు గొడవ జంతువుల ప్రశ్న దగ్గర వచ్చింది. ఒక్క నిమిషంలో గుర్తొచ్చినన్ని జంతువుల పేర్లు చెప్పాలి. ప్రొద్దుటూరు అంగళ్ళవాళ్ళు ఏనుగు, సింహం, ఒంటె అంటూ ఎన్నడూ ఇంటి ముందు చూడనివన్నీ గడగడా చెప్పేవాళ్ళు. జీవాలు మేపేవాళ్ళు అట్లా చెప్పరు. మా వైపు గొర్రెలను, మేకలను కలిపి జీవాలంటారు. "కర్రెది, దాని కూతురు బొల్లిది, బొల్లిదాని చెల్లెలు మొట్టచెవుల్ది..." అని మందను కళ్ళముందు నిలబెట్టుకుని ఒక్కొక్కదాన్నే చెప్పుకొస్తారు. నియమం ప్రకారం అదంతా గొర్రె. అంటే ఒకటి. ఒకటి వచ్చినవాడికి జబ్బు అనుమానం అని రాయాలి.

నేను గొర్రెల కాపరి కూతుర్ని. సాయంత్రం మందను దొడ్డికి తోలేటప్పుడు మా నాయన ఏనాడూ తలలు లెక్కపెట్టలేదు. లెక్కపెడితే జీవాలకు దిష్టి అనేవాడు. మంద వైపు ఒక్కసారి చూసేవాడు, ఏది రాలేదో చెప్పేవాడు. అలాంటి మనిషికి మతి లేదని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. డాక్టరమ్మ వచ్చినప్పుడు అడిగేశాను. ఆమె కోస్తా మనిషి, నెమ్మదస్తురాలు, మా మాట రెండుసార్లు చెప్పించుకునేది.

"అన్నీ గొర్రెలే కదండీ?" అంది.

"మేడం, మీకు ముగ్గురు పిల్లలుంటే, అన్నానికి రమ్మని 'మనిషీ' అని ఒక్క కేక వేస్తారా?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆమె మాత్రం నవ్వింది. పైవాళ్ళతో మాట్లాడింది. కొన్ని నెలలకు నియమం మారింది. కాపరుల ఇళ్ళలో, గుర్తు పెట్టి చెప్పిన ఒక్కో గొర్రె ఒక్కో జంతువు కింద లెక్క. కాకపోతే, చెప్పినవన్నీ వేర్వేరు జీవాలేనని, నిజంగా మందలో ఉన్నవేనని, ఆ సంగతి తెలిసిన మనిషి ఎవరైనా కింద సంతకం పెట్టాలి. ఏదో పెద్ద ఘనకార్యం చేసినట్టు తలెత్తుకుని తిరిగాను. నా గొంతుకు నేనే ఉరి పేనుకుంటున్నానని నాకేం తెలుసు?

మా నాయన తొండూరు దగ్గర పల్లెలో మా తమ్ముడి ఇంట్లో ఉంటాడు. మా అమ్మ లేదు. డెబ్బై దాటినా మందను ఒక్కడే గుట్టకు తోలుకుపోతాడు. గుట్ట అవతల బండలు తవ్వి వదిలేసిన గుంతలు ఉన్నాయి. నిలువునా కోసిన అంచులు, అడుగున పచ్చటి నీళ్ళు. దారి తెలిసినవాడికి అవి ఒక లెక్క కాదు.

ఒక ఆదివారం పులివెందుల బస్సెక్కి తొండూరులో దిగి ఇంటికి పోయాను. దొడ్డిలో ప్రతి గొర్రె నడుము మీద ఎర్ర రంగు! మా పల్లెలో అందరూ తమ జీవాలకు రంగు పూస్తారు, మా నాయన తప్ప. "రంగు చూసి జీవాన్ని గుర్తుపట్టేవాడు కాపరేంది మే? వాడు రంగుడబ్బాను కాసుకోవాల" అని జీవితమంతా ఎగతాళి చేసిన మనిషి.

"ఇదేంది నాయనా, రంగు పూసినారు?" అని అడిగాను.

"పూస్తే ఏమాయ? కాలం మారలా?" అన్నాడు, నా మొహం చూడకుండా.

మాటల్లో పెట్టి, "ఈ పొద్దు ఏ వారం నాయనా?" అన్నాను. సొంత తండ్రి దగ్గర దొంగతనం చేస్తున్నట్టు ఉంది నాకు.

"యాలమ్మే, దేనికన్నా ముహూర్తం పెట్టిస్తాండావా?" అని పకపకా నవ్వాడు.

నేనూ నవ్వాను. ఎన్ని గడపలు తిరిగాను నేను! జవాబు దొరకనివాళ్ళు ముందుగా తెచ్చేది నవ్వునే. ఆదివారమని చెప్పలేదు మా నాయన.

తమ్ముడికి చెబితే కోపం తెచ్చుకున్నాడు. "నీ ఉద్యోగం నీకు నెత్తికెక్కింది అక్కా. కనపడినోళ్ళందరికీ జబ్బు అంటిస్తాండావు. గుట్టకు పోవద్దని చెప్పు, ఆయప్ప నెల కూడా బతకడు." అది అబద్ధం కాదు. మంద లేని మా నాయనను నేను ఊహించలేను. గుంతల పక్కన ఒంటరిగా తిరిగే మా నాయననూ ఊహించలేను. ఈ రెండు భయాల మధ్య నాకు అన్నం సయించడం మానేసింది. చివరికి, పరీక్షలో ఏది తేలితే అది, ఇద్దరం దానికి ఒప్పుకుందామని తమ్ముడి దగ్గర మాట తీసుకున్నాను.

పులివెందులలో డాక్టరమ్మ క్యాంపు పెట్టిన రోజు తమ్ముడు నాయనను తీసుకొచ్చాడు, నేను ముందే అక్కడున్నాను. సొంతవాళ్ళను మేము పరీక్షించకూడదు కాబట్టి ఆమే అడిగింది. మాట అర్థం చేసి చెప్పడానికి నేను పక్కన కూర్చున్నాను. నాయన ప్లాస్టిక్ కుర్చీలో, మోకాళ్ళ మీద కర్ర అడ్డంగా పెట్టుకుని, బడిపిల్లాడిలా బిగుసుకుని ఉన్నాడు. ఐదు మాటల్లో మూడు చెప్పాడు. వారం చెప్పాడు. ఆ పొద్దున తమ్ముడు దారి పొడుగునా దాన్ని వల్లె వేయించాడని తర్వాత తెలిసింది.

"ఇప్పుడు ఒక్క నిమిషంలో మీకు గుర్తొచ్చిన జంతువులన్నీ చెప్పండి" అంది డాక్టరమ్మ.

మా నాయన కళ్ళు మూసుకున్నాడు. మొహం తేటపడింది. "కర్రెది. దాని కూతురు బొల్లిది. మొట్టచెవుల్ది. చుక్కల్ది. చుక్కలదాని కవల పిల్లలు రెండూ. వంకలో నీళ్ళకు అన్నిటికన్నా ముందు దూకే ఎర్రది. కుంటిది. కొమ్ము ఇరిగిన పొట్టేలు..." ఎక్కడా తడుముకోలేదు. డాక్టరమ్మ కలం అందుకోలేకపోయింది. నిమిషం అయిపోయినా ఆయన ఆగలేదు.

"అబ్బ! మొన్న ప్రొద్దుటూరులో చూసిన పంతులుగారు కూడా ఇన్ని చెప్పలేదండీ" అని ఆమె సంబరపడింది. "మీ నాన్నగారికి భయపడాల్సింది ఏమీ లేదు. మీరు గొడవపడి నియమం మార్పించబట్టి కదా ఇది తెలిసింది."

తమ్ముడు నా వైపు చూశాడు, ఇప్పుడేమంటావు అన్నట్టు.

ఆ బొల్లిదాని పాలు నేను తాగాను. మొట్టచెవుల్దాన్ని నేను ఒళ్ళో పడుకోబెట్టుకుని పెంచాను. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మూతులు వాచే రోగం వచ్చి ఆ మంద మందంతా పోయింది. అమ్మా నాయనా గుంత తీసి పూడ్చిపెట్టారు. ఆయన చెప్పినవాటిలో ఇప్పుడు దొడ్డిలో ఉన్నది ఒక్కటీ లేదు. చచ్చిపోయి ఎన్నో ఏళ్ళయిన గొర్రెలను వరుసగా పిలిచాడు మా నాయన, అవన్నీ ఆయన ముందు నిలబడ్డాయి.

ఆ సంగతి తెలిసింది ఆ గదిలో నాకొక్కదానికే. తమ్ముడు అప్పటికి చంకబిడ్డ; ఇప్పటి మందలో ఏది ఏదో కూడా వాడికి పట్టదు, మంద సంగతంతా నాయనదే. డాక్టరమ్మ కాగితం నా ముందుకు జరిపింది. నాయన నన్నే చూస్తున్నాడు. ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి కళ్ళతో బతిమాలుతున్నాడు. నేను సంతకం పెట్టాను.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. రోజూ తమ్ముడికి ఫోన్ చేసి నాయన గుట్ట దిగినాడా అని అడిగేదాన్ని. "డాక్టరే చెప్పినాక ఇంగేంది అక్కా నీ బాధ?" అని విసుక్కునేవాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. చెబితే నా చేతులతోనే మందను ఆయన దగ్గర నుంచి లాక్కున్నట్టు. రేపు చెబుతానులే అనుకునేదాన్ని. థూ, నా బతుకు! పిరికితనానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం జమ్మలమడుగులో ఒక అవ్వకు ఐదు మాటలు చెప్పి కూర్చున్నాను. ఫోన్ మోగింది.

"అక్కా, జీవాలు వాటంతటవే ఇంటికొచ్చినాయి. నాయన రాలా."

అవ్వ ఐదు మాటలూ వరుసగా అప్పజెప్పింది. అవి సరైనవో కాదో నాకే గుర్తు లేదు. కాగితాలు అక్కడే వదిలేసి బస్సుకు పరిగెత్తాను. ముద్దనూరు దాటేదాకా నాకు కనపడింది ఒక్కటే, పచ్చటి నీళ్ళ మీద తేలుతున్న తలపాగా. ఏడవడానికి కూడా భయమేసింది. ఏడిస్తే అది నిజమైపోతుందేమోనని.

అప్పుడు గుర్తొచ్చింది. వంకలో నీళ్ళకు ముందు దూకే ఎర్రది! పాత మంద ఆ వంకలోనే నీళ్ళు తాగేది. ఇప్పుడా వంక లేదు, దాన్ని తవ్వేశారు. ఆ చోటే పెద్ద గుంత. తమ్ముడికి ఫోన్ చేసి అరిచాను. "పాత వంక కాడ చూడు! నాయన పాత మందతో ఉన్నాడు. ఆ పొద్దు చెప్పినవన్నీ ఆ గొర్లే. నాకు తెలుసు, తెలిసే సంతకం పెట్టినా." అవతల బండి స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించింది.

నేను పోయేసరికి నాయన గుంత అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. తమ్ముడు వెనకనుంచి ఆయన నడుము పట్టుకుని ఉన్నాడు, లాగితే ఇద్దరూ ఎక్కడ జారుతారోనని లాగకుండా. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి.

"బొల్లిది రాలేదు మే. దాన్ని ఇడిసిపెట్టి యాడికొస్తా?" అన్నాడు నాయన.

"బొల్లిది దొడ్డికొచ్చింది నాయనా. నేను చూసినా."

"నువ్వు చూసినావా?"

"చూసినా."

వెంటనే లేచాడు. మంద విషయంలో నా మాట అంతగా నమ్ముతాడు. ఇల్లు చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.

మరుసటి పొద్దున డాక్టరమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "సంతకం మీరే పెట్టారు కదండీ" అంది. తిట్టినా బాగుండేది. తర్వాత, మళ్ళీ తీసుకురమ్మంది. జబ్బును ఆపలేమని, మందులతో కొంతకాలం కాస్త నెమ్మదించవచ్చని చెప్పింది. గుట్టకు మాత్రం ఒంటరిగా పంపొద్దంది.

నాయన అరుగు మీద కూర్చుని దొడ్డి వైపు చూస్తున్నాడు. ఆ పొద్దున ఆయన మతి తేటగా ఉంది. నేను ఏమీ అడగకముందే చెప్పాడు.

"ఆ రంగు నేనే పూసినా మే. ఒకనాడు వేరేవాళ్ళ జీవాలను మనవే అనుకోని తోలుకొచ్చినా. దానెనకాల పూసినా. డాక్టరమ్మ అడిగినప్పుడు ఇప్పటియ్యి ఒక్కటీ నోటికి రాలా. పాతయ్యి చెప్పినా. నీకు తెలిసిపోతాదని తెలుసు." కర్రను మోకాళ్ళ మీదికి లాక్కున్నాడు. "శానా భయమైతాండాది పాపా."

నా జన్మలో మా నాయన నోట భయమనే మాట వినడం అదే మొదలు. నాకు దుఃఖం ఆగలేదు. నాకూ భయంగానే ఉందని చెప్పాను.

తర్వాత ఆయన చొక్కాలన్నీ తెచ్చుకున్నాను. ఇక మీద తమ్ముడు కూడా మంద వెంట పోవాలని అనుకున్నాము. అయినా ఏ పూట ఎటు పోతాడో ఎవరికి తెలుసు? ఒక్కో చొక్కా జేబు మీద ఎర్రదారంతో నా ఫోన్ నంబరు కుట్టడం మొదలుపెట్టాను. ఆయనకు చదువు రాదు. ఆ గీతలను వేలితో తడిమి చూసి, నా మొహం చూసి నవ్వాడు.

"నాకూ రంగు పూస్తాండావా మే?"

సూది నా చేతిలో ఆగిపోయింది.

"పూయి, పూయి. బాగా కనపడేట్టు పూయి" అన్నాడు. "రేపు నిన్ను నేను గుర్తుపట్టకపోయినా, నన్ను నువ్వు గుర్తుపట్టాల కదా."