ఏడు పొరల మామ

ఆ రోజుల్లో నాకు రానిది ఏదైనా ఉంటే ఎవరినీ అడిగేవాణ్ణి కాదు. లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చుకుని, అధ్యాయానికి ఇన్ని గంటలని లెక్క వేసుకుని, సొంతంగా నేర్చుకోవడమే గొప్ప అనుకునేవాణ్ణి (ఈత కూడా అలాగే నేర్చుకోబోయాను, ఆ సంగతి ఇక్కడ అనవసరం). అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, ఇర్వింగ్‌లో హైవే పక్క అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్లం. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంకొకరి తప్పులు వెతికి వాటికి నంబర్లు వేయడం. ఆ చలికాలంలో ఫోటోలు దిద్దే ప్రోగ్రాం ఒకటి నేర్చుకుందామని కూర్చున్నాను. మూడు అధ్యాయాలు సాఫీగా గడిచాయి. నాలుగోది లేయర్లు. అసలు ఫోటో మీద గాజుపలకల్లాంటి పొరలు పేర్చి, ఒక్కో మార్పు ఒక్కో పొర మీద చేయాలి. ప్రతి పొర పక్కనా చిన్న కన్ను బొమ్మ ఉంటుంది, అది నొక్కితే ఆ పొర కనిపించకుండా పోతుంది. ప్రతి పొరకూ అర్థమయ్యే పేరు పెట్టుకోండి, తరవాత మీకే మేలు అని పుస్తకంలో రాసి ఉంది. పేర్లూ నంబర్లూ పెట్టమంటే నాకు పండగే.

సరిగ్గా అప్పుడే మామ నా చేతికి చిక్కాడు. మామ మా నలుగురిలో ఒకడు, మాకెవరికీ బంధువు కాదు. మాకంటే నాలుగేళ్లు పెద్ద, వరంగల్ వైపు మనిషి, ఆదివారాలు ఆయన పెట్టే పప్పుచారు కోసం మేము ప్లాన్లు మానుకునేవాళ్లం. ఆయనకు సంబంధాలు చూస్తున్నారు. అప్పటికి రెండు, ఫోటో వెళ్లాక జవాబు లేకుండా ఆగిపోయాయి. మూడోది అరిజోనా రాష్ట్రం చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పుల కంపెనీలో పనిచేస్తున్న అమ్మాయి. ఆమెతో ఒకసారి ఫోన్లో మాట్లాడిన దగ్గర్నుంచి మామ ఇంట్లో కూడా షర్టు ఇన్ చేసుకుని తిరగడం మేము గమనించాం.

"ఫోటో అడిగిందిరా. ఇది మంచిగనే ఉంది గానీ వెనక గోడకు టవల్ ఆరేసి ఉన్నది. అదొక్కటి తీసెయ్. ఇంకేం ముట్టకు," అన్నాడు.

టవల్ తీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అక్కడితో ఆగి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. కానీ ఆగిపోయిన రెండు సంబంధాలు నా బుర్రలో రెండు తప్పుల్లా కనిపించాయి, కారణం కనిపెట్టి సరిచేయడం నా వృత్తి. పొట్ట ఇరవై రెండు పిక్సెళ్లు లోపలికి నెట్టాను. జుట్టు పద్నాలుగు శాతం పెంచాను. గడ్డం కింద కొంచెం చెక్కాను, కాలర్ ఇస్త్రీ చేశాను. చివరికి మామ ముఖం రంగు తొమ్మిది పాయింట్లు తెల్లబరిచాను. తొమ్మిదే ఎందుకంటే, పది వేస్తే మోసం చేసినట్టు ఉంటుందనిపించింది. మామకు చూపిస్తే, "మంచిగ నిద్రపోయినట్టున్న కదరా," అని మురిసిపోయాడు. ఏం చేశానో నేను చెప్పలేదు. మామూలు ఫోటోగా మారిస్తే నాణ్యత కొంత తగ్గుతుందని పుస్తకం చెప్పింది కాబట్టి, జాగ్రత్తపరుణ్ణి గనుక, పొరలతో సహా మొత్తం ఫైలే మామ ఈమెయిల్ నుంచి ఆమెకు పంపించాను. అడుగున ఉన్న అసలు ఫోటోకి కన్ను మూశాను. నేను మూస్తే లోకమంతటికీ మూసుకుంటుందని నా నమ్మకం.

ఆదివారం మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. మామ చేతులు చింతపండు పులుసులో ఉన్నాయి కనుక నేనే స్పీకర్ నొక్కాను.

"మీ ఫోటో మామూలుగా ఓపెన్ అవ్వలేదండి. మా రూమ్మేట్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉంటే దాంట్లో చూశాం. ఏడున్నాయి."

"ఒక్కటే పంపిన గదండీ," అన్నాడు మామ.

"ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పేర్లు కూడా ఉన్నాయి, చదవనా? 'టవల్ తీత'. 'పొట్ట కోత, ఇరవై రెండు'. 'జుట్టు చేర్పు, పద్నాలుగు శాతం'. 'గడ్డం కింద సవరణ'. 'కాలర్ ఇస్త్రీ'. అన్నిటికన్నా అడుగున 'అసలు మామ'."

ఆమె నవ్వుతోంది. మిగతా ఇద్దరు రూమ్మేట్లు సోఫాలో దిండ్లు నోట్లో కుక్కుకున్నారు. మామ కూడా సిగ్గుపడుతూ నవ్వబోయాడు.

"ఇంకోటి వదిలేశాను. 'ముఖం తెలుపు, తొమ్మిది'," అంది. ఆ గొంతులో నవ్వు లేదు. "ఇది మీరు వెయ్యమన్నారా అండీ?"

మామ నా వైపు చూశాడు. నేను ఆయనకు రెండడుగుల దూరంలో ఉన్నాను. మామకు తెలియదండీ, అది నా పని అంటే సరిపోయేది. లోపల పన్నెండు దాకా లెక్కపెట్టాను, నోరు తెరవలేదు.

"నా ఫోటోనే గదండీ. నేను చూసే పంపిన," అన్నాడు మామ.

"నాదీ మీ రంగేనండి. మరి నాకెంత వేస్తారు?"

మామ పులుసు చేతులతోనే ఫోన్ తీసుకుని, స్పీకర్ ఆపేసి, బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. పప్పుచారు మేమే పోపు పెట్టుకున్నాం, మాడింది. ముప్పావుగంట తరవాత లోపలికొచ్చి, "అసలుది పంపమన్నది. టవల్‌తోనే," అన్నాడు. పంపాను. చేతులు కడుక్కుంటూ, నా వైపు తిరగకుండా అడిగాడు. "నేను గంత నల్లగ కనబడ్తనారా నీకు?" లేదన్నాను. ఆ ఒక్క అంకె నా చేత్తో రాసుకున్నాక, ఆ "లేదు"కి విలువ ఎంతో నాకే తెలుసు.

వాళ్లిద్దరూ ఇంకో నాలుగు ఆదివారాలు మాట్లాడుకున్నారు. ఐదో ఆదివారం ఫోన్ రాలేదు. ఇద్దరివీ గ్రీన్ కార్డు కాగితాలు మధ్యలో ఉన్నాయి, ఉద్యోగం మారితే మళ్లీ మొదటికొస్తాయి, ఆమె అరిజోనా వదల్లేదు, మామ టెక్సాస్ వదల్లేడు, అందుకే ఆగిపోయిందని మామ చెప్పాడు. తరవాత ఆయనకు వేరే సంబంధం కుదిరింది, ఇద్దరు పిల్లలు, సుఖంగా ఉన్నాడు. ఇంకొకరి ముఖానికి మార్కులు వేసి, వాటిని నీటుగా పేర్చి, అదే సాయం అనుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు కోపం రాదు. భుజం మీద చెయ్యి వేసి, పుస్తకం మూసి కాసేపు ఆయన పక్కన కూర్చోరా అని చెప్పాలనిపిస్తుంది.

లీజు అయిపోయి మామ వేరే ఊరికి మారుతున్న రోజు, సామాను కార్లో సర్దుతూ, "మామా, చాండ్లర్ సంబంధం నా వల్లే పోయిందా?" అని అడిగాను. "నీ వల్ల కాదురా," అన్నాడు. డిక్కీ మూస్తూ మళ్లీ అన్నాడు. కారు స్టార్ట్ చేసి, అద్దం దించి, ఇంకోసారి అన్నాడు. ఒక్కసారే అని ఉంటే నమ్మేవాణ్ణి.