సఫూరాకు కప్పిన శాలువా

సఫూరాది రాయచోటి. ఒమన్ వచ్చి ఎన్నేళ్ళయిందని ఎవరైనా అడిగితే "నా జుట్టునడుగు, అది సెప్తాది" అని నెరిసిన పాయను ముందుకు లాగి చూపిస్తుంది. మస్కట్‌లో ఇంటిపనికి చేరిన మొదటి ఇంట్లో ఆమెకు శుక్రవారం సెలవు ఇవ్వలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని అడుక్కోవడం ఆమె ఒంట్లో లేదు. పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, గేటు పక్కన పీట వేసుకుని కూర్చుంది. పిలిస్తే లోపలికి వెళ్ళి పని చేసేది, మళ్ళీ వచ్చి కూర్చునేది. ఇంటికి వచ్చే చుట్టాలంతా "ఈమె ఎక్కడికి బయల్దేరింది?" అని అడగడం మొదలుపెట్టేసరికి ఇంటావిడకు తల కొట్టేసినట్టయింది. కొన్ని వారాలకే సెలవు దానంతటదే వచ్చింది.

ఆ సెలవుతోనే సఫూరా మస్కట్‌లోనే హమ్రియా అనే పేటలో ఒక దర్జీ కొట్టు వెనక గదిని ఆడవాళ్ళకు శుక్రవారపు పుట్టింటిగా మార్చింది. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికి వచ్చినవాళ్ళు అక్కడ చేరి తలలు దువ్వుకునేవారు, ఉగ్గాని చేసుకుని తినేవారు, ఊళ్ళకు ఫోన్లు చేసి ఏడ్చేవారు. ఒకామెకు ఒంట్లో బాగుండకపోయినా, ఇంకొకామెను యజమాని తిట్టినా సఫూరా ముందు వాళ్ళనే నాలుగు తిట్టేది. ఆ తర్వాత చున్నీ సర్దుకుని వాళ్ళ పనిమీద బయల్దేరేది.

ఇంత నోరున్న మనిషికి సొంత అక్క కూతురి దగ్గరికి వచ్చేసరికి ఏ దారీ దొరకలేదు. అక్క మహబూబీ కూతురు షిఫా సలాలాలో ఒక ఇంట్లో పనిచేస్తోంది. ఒప్పందం గడువు ఎప్పుడో తీరిపోయింది. వేరే మనిషి దొరికేదాకా పంపేది లేదన్నారు ఆ ఇంటివాళ్ళు, వేరే మనిషిని వెతికిందీ లేదు. పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉంది. గడప దాటితే పారిపోయిందని కేసు పెడతామన్నారు. సలాలా ఏమీ పక్కవీధి కాదు, పగలంతా ఎడారిలో బస్సెక్కి కూర్చుంటే గానీ రాదు. రాయచోటిలో షిఫా కూతురు తల్లిని ఫోన్‌లో చూసి "యావరు ఆమె?" అని అమ్మమ్మను అడగడం మొదలుపెట్టింది.

"ఖాలా, నన్నెప్పుడు పంపిస్తారు?" అని షిఫా పిన్నిని అడగని ఫోను లేదు.

దారి ఉన్నదల్లా ఒక్కటే. అది విశ్వేశ్వరరావు గారు. మస్కట్‌లోని 'మన తెలుగు సమాజం' ప్రెసిడెంటు ఆయన. కాకినాడ మనిషి, పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఆయన ఫోన్ చేస్తే అరబ్బు దొరలు కూడా మర్యాదగా మాట్లాడతారని పేరు. ఉత్త పేరే కాదు, నిజం కూడాను. ఆయన ఒకసారి తలచుకుని, కంపెనీ ఊరికి వెళ్ళనివ్వకుండా ఆపేసిన ఒక ఇంజనీరు కుర్రాణ్ణి పూట తిరక్కుండా విమానం ఎక్కించారు. సఫూరా షిఫా సంగతి ఎత్తినప్పుడల్లా మాత్రం "చూద్దామమ్మా" అనేవారు. ఆయన కాదని ఉంటే ఇంకో తలుపు వెతుక్కునేది. చూద్దామంటే ఆ గుమ్మంలోనే నిలబడాలి మరి.

ఇక సమాజం ఎన్నికల సంగతి. పేరుకు రెండు ప్యానెళ్ళున్నాయి. ఓట్లు వేసే రోజున జెండాలు, బిర్యానీ, ఫోటోలు అన్నీ ఉంటాయి. కానీ ఆయన నడిపే పాత ప్యానెల్ ఎవరి పేరు చెబితే వాళ్ళే గెలుస్తారని పసిపిల్లలకు కూడా తెలుసు. అంటే అసలు ఎన్నిక జరిగేది విశ్వేశ్వరరావు గారి హాల్లో. ఆయన భార్య సుగుణ గారు వండిన గోంగూర మాంసం తిని, నలుగురు పెద్దమనుషులు సోఫాల్లో కూర్చుని లేచేసరికి ప్రెసిడెంటు అభ్యర్థి పేరు సిద్ధమయ్యేది. "మీ అధిష్ఠానం ఎవరండీ?" అని ఎవరైనా అడిగితే "ఇంకెవరు, మా సుగుణే" అని ఆయన అందరినీ నవ్వించేవారు. నవ్వినవాళ్ళు మళ్ళీ అడిగేవాళ్ళు కాదు.

ఈసారి అవతలివాళ్ళు దీన్ని 'విల్లాల ప్యానెల్' అని ఎగతాళి చేయడం మొదలుపెట్టారు. పనివాళ్ళ ఓట్లు అటు జారతాయని భయం పట్టుకుంది. దాంతో ఉగాది సభలో విశ్వేశ్వరరావు గారు మైకు పట్టుకుని, మా అభ్యర్థిని ఇకమీదట మా హాల్లో కాదు, సభ్యులే చేతులెత్తి ఎన్నుకుంటారని, ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళకూ సమానంగా చెయ్యెత్తే హక్కుంటుందని ప్రకటించారు. సభ దద్దరిల్లిపోయింది.

ఆ మాట హమ్రియా గదికి చేరేసరికి నసీమాకు పట్టపగ్గాల్లేకుండా పోయాయి. నసీమాది సఫూరా పక్కవీధే, మాటకు ముందు చెయ్యి ఆడించే రకం.

"నువ్వు నిలబడక్కా. మనందరం ఎత్తితే ఆ హాల్లో చేతులు పట్టవు."

"నేనా? ప్రెసిడెంటా? నోర్ముయ్."

"నీకు కాకపోతే షిఫాకు గావాల గదా. ఆయప్పను అడుక్కునేదానికంటే ఆ కుర్చీలో నువ్వే కూసో."

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇన్నాళ్ళూ కడబంతిలో కూర్చుని ఆకు వంకే చూశాం, ఈసారి గరిటె మనమే పట్టుకుంటే తప్పేముందని సఫూరాకు తోచింది. ప్రెసిడెంటు హోదాలో సలాలాకు బస్సెక్కడం, ఆ ఇంటి గంట మోగించడం కళ్ళముందు కనబడింది. ఆ వారమంతా అంట్లు తోముతూ కూడా అదే చూసింది, పిచ్చిది.

ఆడవాళ్ళను వ్యానులో చేరవేసే ఇస్రాయేలు ఒక్కడే పెదవి విరిచాడు. భీమవరం వైపు మనిషి, ఊళ్ళో ఉన్నప్పుడు ఒక పార్టీ జెండా మోసి మోసి విసిగినవాడు.

"ఓటు మనకే ఇత్తారమ్మా, కాదన్ను. ఎవరికెయ్యాలో ఆ పేరు మాత్రం ఆళ్ళే రాసుకుంటారు. మా ఊళ్ళోనూ అంతేగా. టిక్కెట్టు పైనుంచి దిగుద్ది, కింద మనం జెండాలు మోత్తాం. దాన్నే పెజాసామ్యం అంటారు."

"ఈతూరి పేరు గూడా మనమే సెప్తాం ల్యా" అంది సఫూరా.

"సెప్పండి. దేవుడు మేలు చెయ్యాలి."

అభ్యర్థిని ఎన్నుకునే సభ మస్కట్‌లోని రూవిలో ఒక హోటల్ పైఅంతస్తులో జరిగింది. ముందు వరుసల్లో పట్టుచీరలు, వెనక వరుసల్లో హమ్రియా వాళ్ళు. కొందరు మదాం దగ్గర, అంటే యజమానురాలి దగ్గర, అబద్ధాలాడి వచ్చారు, ఒకామె జ్వరంతోనే వచ్చింది. సఫూరా వాళ్ళకు ముందే చెప్పి ఉంచింది, నా పేరు వినబడితే పైకప్పు లేచిపోయేట్టు చప్పట్లు కొట్టండి, ఆపొద్దని.

సభ మొదలవబోతుండగా విశ్వేశ్వరరావు గారు ఆమెను వేదిక వెనక్కి పిలిచారు. పక్కన ప్రణయ్ నిలబడి ఉన్నాడు. హైదరాబాదు యువకుడు, పెద్ద కంపెనీ మేనేజరు, సమాజం కార్యక్రమాలన్నిటికీ వాళ్ళ కంపెనీ బ్యానరే కట్టేవారు. అతను "నమస్తే అమ్మా" అని వంగి మరీ దండం పెట్టాడు.

"చూడమ్మా సఫూరా," అన్నారు విశ్వేశ్వరరావు గారు మెల్లగా. "నువ్వు నిలబడితే నాకు సంతోషమే. కానీ మనవాళ్ళు రెండుగా చీలిపోతారు. అవతలివాళ్ళు వచ్చి కూర్చుంటారు. అప్పుడు నీ పనీ కాదు, నా పనీ కాదు. ప్రణయ్ పేరు నువ్వే ప్రతిపాదించు. ఆడవాళ్ళ తరఫున ఎంత గౌరవంగా ఉంటుందో ఆలోచించు."

"మరి చేతులెత్తుతారని సెప్తిరి గదా సార్?"

"ఎందుకెత్తరమ్మా? ఎత్తుతారు. ముందు ఒక పేరంటూ ఉండాలి కదా." ఆయన ఒక్క క్షణం ఆగారు. "షిఫా సంగతి నాకొదిలెయ్. ఇది కాగానే సలాలాకు ఫోన్ చేస్తాను."

షిఫా పేరు ఆయన నోటివెంట రావడం అదే మొదటిసారి. ఆ పేరు గుర్తుందన్నమాట! సఫూరా "మావాళ్ళను ఒక మాట అడిగొస్తా సార్" అంది.

"వెళ్ళమ్మా, అడిగిరా."

ఆమె ఇంకా మెట్లు దిగుతూనే ఉంది. మైకులో "మన సోదరి సఫూరా గారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం" అన్నారు. అంతే, వెనక వరుసలు లేచి నిలబడ్డాయి. చప్పట్లు, ఈలలు. నసీమా కుర్చీ ఎక్కింది. సఫూరాను చెయ్యి పట్టుకుని వేదిక నడుమకు తీసుకొచ్చారు. సుగుణ గారు నవ్వుతూ వచ్చి జరీ అంచు శాలువా కప్పారు. ప్రణయ్ పూలగుత్తి ఇచ్చాడు. ఫోటోలు తీశారు. ఆ హోరులోనే విశ్వేశ్వరరావు గారు మైకు అందుకుని, సఫూరా గారి ఆశీస్సులతో ప్రణయ్ గారు మన అభ్యర్థి అని, చప్పట్లే ఆమోదమని, ఏకగ్రీవమని చదివేశారు. ముందు వరుసలు ఆ మాట విని చప్పట్లు కొట్టాయి. వెనక వరుసలు సఫూరా ఒంటిమీది శాలువా చూసి కొట్టాయి. ఎవరూ ఒక్క చెయ్యి ఎత్తలేదు, ఎత్తమని ఎవరూ అడగలేదు.

మన సభల్లో శాలువా ఎవరికి కప్పుతారో ఆ ఆడవాళ్ళకు ఎలా తెలుస్తుంది? గెలిచినవాళ్ళకు కప్పుతారని వాళ్ళ నమ్మకం. పక్కకు తప్పించిన మనిషికి కూడా కప్పుతారని, అసలు ఎక్కువగా వాళ్ళకే కప్పుతారని, పాపం, ఎవరు చెప్పారు వాళ్ళకు?

మైకు సఫూరాకు అందేంత దూరంలోనే ఉంది. అందుకోవచ్చు. లేదు, ఇది నా మాట కాదు అని ఒక్క ముక్క చెప్పవచ్చు. మస్కట్‌లో మగవాళ్ళు కూడా జడిసే ఆ నోరు అప్పుడు తెరుచుకోలేదు. విశ్వేశ్వరరావు గారు ఆమె వంక చూసి తల చిన్నగా ఊపారు. ఆ ఊపులో సలాలా ఉందనుకుంది. చేతులు జోడించి వేదిక దిగింది.

వ్యానులో పాటలే పాటలు. "మన ప్రెసిడెంటక్కా!" అని నసీమా మెడ చుట్టేసింది. ఇస్రాయేలు అద్దంలోంచి సఫూరా ముఖం చూసి బండి నడపడంలో పడిపోయాడు. దారిలో అసలు సంగతి చెబుదామని ఆమె రెండుసార్లు గొంతు సవరించుకుంది. జ్వరంతో వచ్చినామె కూడా చప్పట్లు చరుస్తూ పాడుతోంది. రేపు చెబుదాంలే అనుకుంది. ఆ వాయిదా చేటు తెచ్చింది. వ్యాను దిగక ముందే నసీమా ఆ శాలువా ఫోటోను సలాలాకు, రాయచోటికి పంపేసింది. దాంతోపాటు "షిఫా, మీ ఖాలా ప్రెసిడెంటు అయింది" అని గొంతు రికార్డు చేసి మరీ పంపింది.

మర్నాడు పొద్దున సఫూరా వంటింట్లో ఉండగా షిఫా రికార్డు చేసి పంపిన మాట ఫోన్‌లోకి వచ్చింది. ఇన్నాళ్ళుగా గుసగుసగా మాట్లాడే పిల్ల, గట్టిగా, నవ్వుతూ చెప్పింది.

"ఖాలా, నేనింక ఆగల్యా. మదాంకి సెప్పేసినా. మా ఖాలా మస్కట్లో ప్రెసిడెంటు, వచ్చి నన్ను తీసకపోతాది, నా పాస్‌పోర్టు బయట పెట్టండి అనేసినా. ఆమె మొగం సూడాల్సింది ఖాలా! ఇంటాయన్ని, బాబాను, పిలుస్తాండాది. నువ్వు దబ్బున రా."

సఫూరా వెంటనే ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. స్విచాఫ్. మధ్యాహ్నమూ స్విచాఫే, ఆ మర్నాడూ అంతే. ఆ ఇంటి నంబరు కోసం షిఫాను అక్కడ పనికి పెట్టిన ఏజెంటును బతిమాలింది. వాళ్ళు ఎత్తి, ఆమె పేరు విని పెట్టేశారు.

విశ్వేశ్వరరావు గారి గుమ్మం ఎక్కింది. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "అయ్యయ్యో, ఆ పిల్ల తొందరపడిందే. నేనిప్పుడు దిగిపోయే ప్రెసిడెంటును కదమ్మా, నా మాటకు బరువుండదు. ప్రణయ్‌ని అడుగు." ప్రణయ్ చాలా ఓపిగ్గా విన్నాడు. ఎన్నిక కానివ్వండమ్మా అన్నాడు. ఎన్నికయ్యాక, అందరూ అనుకున్నట్టే గెలిచాక, ఇంటి యజమానులతో నేరుగా పెట్టుకుంటే సమాజానికి మాటొస్తుందని, ఎంబసీ ద్వారానే వెళ్ళాలని సెలవిచ్చాడు. ఎంబసీలో వివరాలు రాసుకున్నారు, కబురు చేస్తామన్నారు. ఇస్రాయేలు సెలవు పెట్టి సలాలాకు పోయి, ఆ ఇంటిముందు నిలబడి గంట కొట్టాడు. పిల్ల ఇక్కడ లేదు, పొమ్మన్నారు. ఎక్కడుందో చెప్పలేదు.

శుక్రవారాలు హమ్రియా గదికి రావడం ఒక్కొక్కరే మానేశారు. కోపంతో కాదు. సఫూరక్క ప్రెసిడెంటు కాలేదని తెలిశాక ఆమె ముఖం చూడలేక. నసీమా వస్తుంది గానీ, మూలన కూర్చుని ఏడ్చి పోతుంది.

ఒక సాయంత్రం రాయచోటి నుంచి మహబూబీ ఫోన్ చేసింది.

"నా బిడ్డ గొంతు ఇని ఎన్నాళ్ళయిందో తెలుసునా నీకు? ప్రెసిడెంటువి అయితివే, ఏం జేస్తాండావు ఆడ?"

"ఆపా, నేను ప్రెసిడెంటును కాదు. ఎన్నిసార్లు సెప్పాల నీకు."

"ఫోటో వీధంతా సూసినారు. శాలువా కప్పినారు, పూలిచ్చినారు, జనం లేసి నిలబడినారు. కాదంటావా?"

"అవన్నీ ఇచ్చినారు ఆపా. ఇంగేమీ ఇయ్యల్యా."

అవతల ఎక్కడో షిఫా కూతురు ఆడుకుంటున్న అలికిడి.

"నువ్వు పెద్దదానివైపోయినావులే సఫూరా," అంది మహబూబీ చివరికి. "పెద్దోళ్ళంతా ఇట్లనే మాట్లాడతారు. నా బిడ్డను పంపియ్యడం నీకిష్టం ల్యాకుంటే, ల్యాదని సెప్పు."

సఫూరా "ఆపా, ఆపా" అంటూనే ఉంది. మహబూబీ అప్పటికే ఫోన్ పెట్టేసింది.