వెనక్కి చూడటం నేర్చిన కుక్క

మా తెల్ల కుక్కను మొండిదనుకుని నాలుగు నెలలు తిట్టాను. ఆ సంగతి చెప్పుకోవడం ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

జగ్గయ్యపేటలో ఒక ప్రాథమిక పాఠశాలలో నేను టీచర్ని. మా ఆయన ఉద్యోగం విజయవాడలో, వారానికొకసారి వస్తారు. మిగతా రోజులు ఇంట్లో నేనూ, మా అత్తగారూ. ఒక వానాకాలం సాయంత్రం బడి వరండాలో వణుకుతున్న కుక్కపిల్లను చున్నీలో చుట్టి ఇంటికి తెచ్చాను. ఒళ్లంతా తెలుపు, ఒక కన్ను నీలం. అత్తగారు చూడగానే, "పొద్దస్తమానం పిల్లల్ని దిద్దేది చాలక దీన్ని కూడా దిద్దుతావా?" అన్నారు.

దిద్దడం నా వల్ల కాలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. కూర్చోమంటే నిలబడేది. బయటికి తీసుకెళ్తే నన్నే ఈడ్చుకుపోయేది. ఒకసారి కూరగాయల బండి మీద పడబోయాను. ముప్పై మంది పిల్లల్ని ఒక్క మాటతో కూర్చోబెట్టే నాకు ఆ కుక్క ముందు తల కొట్టేసినట్టుండేది. "దీనికి ఒళ్లంతా పొగరమ్మా. ఎవరికన్నా ఇచ్చెయ్యి," అనేవారు అత్తగారు. నిజానికి కీసరలో తెలిసినవాళ్లను అడిగాను కూడా.

ఆ మధ్యలో టీకా వేయించడానికి ఆటోలో నందిగామ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ దాని కళ్లు పరీక్షగా చూసింది. తర్వాత దాని వెనక్కి వెళ్లి, స్టీలు ట్రే మీద కత్తెరతో గట్టిగా కొట్టింది. నేను ఉలిక్కిపడ్డాను. కుక్క మాత్రం గోడ మీది ఈగను చూస్తూనే ఉంది.

"ఇది మొండిది కాదండి మేడం. దీనికి అసలు వినపడదు. పుట్టుచెవుడు. ఇట్లా తెల్లగా ఉండేవాటిలో కొన్నింటికి వస్తుంది."

ముందు సిగ్గేసింది. ఆ వెంటనే గుండెల మీంచి బరువు దిగిపోయింది. తప్పు దానిది కాదు, నాకు చేతకాకపోవడమూ కాదు.

"మరి నేర్పేదెట్లాగండి?"

"చేతులున్నాయిగా. అన్నిటికన్నా ముందు మీ వైపు చూడటం నేర్పండి. లాగిందంటే ఆగిపోండి. తిరిగి చూసిందా, వెంటనే తినడానికి ఏదన్నా పెట్టండి."

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పాను. "అయితే నేను తిట్టినవేవీ దీనికి వినపళ్లేదన్నమాట. బతికిపోయా," అన్నారు. మర్నాడు పొద్దున్నే ఉడికించిన గుడ్డు ముక్కలు చిన్న డబ్బాలో పెట్టి నా చేతికిచ్చారు.

మొదటి వారం మా వీధి చివరికి వెళ్లడానికే అరగంట పట్టేది. అది లాగేది, నేను ఆగేదాన్ని. విసుగొచ్చి ఎప్పుడో ఒకసారి వెనక్కి చూసేది. వెంటనే గుడ్డు ముక్క. నెల తిరిగేసరికి పది అడుగులకోసారి తనంతట తనే తల తిప్పి నా మొహం చూడటం మొదలుపెట్టింది. అరచెయ్యి కిందికి దించితే కూర్చునేది. ఇంట్లో అత్తగారు ఇంకో విద్య నేర్పారు. సాయంత్రం ప్రార్థనకు ఆవిడ చేతులు జోడించగానే అది ముందుకాళ్లు రెండూ మంచం పట్టె మీద పెట్టి నిలబడేది. ఒకసారి మా ఇంటికి ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు అది చూసి, ఆమేన్ చెప్పడం మర్చిపోయి నవ్వారు.

చలికాలంలో ఒక ఉదయం నందిగామ రోడ్డు పక్కన నడుస్తున్నాం. ఎదురుగా మేకల మంద వచ్చింది. కుక్క ఒక్క ఉదుటున దూకింది. మెడపట్టీకి తగిలించిన బెల్టు కొక్కెం ఊడిపోయి, ఖాళీ బెల్టు నా చేతిలో మిగిలింది. మేకలు రోడ్డు దాటుతున్నాయి. అటువైపు నుంచి సిమెంటు లారీ వస్తోంది. నేను కేక పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది, దానికి వినపడదని.

అది తారు అంచు దాకా పరుగెత్తింది. అక్కడ, రోజూ చేసినట్టే, తల తిప్పి నా వైపు చూసింది.

అరచెయ్యి కిందికి దించాను. అది కూర్చుంది. మేకలు దాటిపోయాయి. కుక్క వెనకగా లారీ దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. పరుగెత్తితే ఆట అనుకుంటుందని నెమ్మదిగా నడిచి వెళ్లి, మెడపట్టీ రెండు చేతులా పట్టుకుని మట్టిలోనే కూలబడ్డాను.

మేకలు తోలుకెళ్తున్నావిడ ఆగి, "భలే మాట వింటదే మేడం మీ కుక్క!" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ వచ్చాయి.

ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. అత్తగారు దాని ఒళ్లంతా తడిమి చూసి, నా వైపు తిరిగి, "నీకేం తగల్లేదు కదా? కూర్చో, ముందు కాఫీ తాగు," అన్నారు.

ఆ పూట బడికి ఆలస్యంగా వెళ్లాను. ఎందుకని పిల్లలు అడిగితే దాచకుండా చెప్పాను. ఒక పాప లేచి, "టీచర్, అదిప్పుడేం చేస్తాంది?" అని అడిగింది. మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేశాను. మంచం కింద హాయిగా నిద్రపోతోందట. వెళ్లి పాపకు అదే చెప్పాను.