బొండకొయ్యలో మహారాజు

అమెరికాలోని కాపెల్‌లో తెలుగువాళ్లం తలా ఒక వంటకం తెచ్చి కలిసి తినే ప్రతి పాట్‌లక్‌లోనూ, నా పులిహోర తిని మా ఆయనది ఒకటే మాట: "మా అమ్మ పులిహోర ముందు ఇదెంత!" పెళ్లయిన మూడేళ్లుగా నవ్వి ఊరుకున్నాను.

మొన్న రాజుల కాలం నాటి వేషాలు వేసుకుని తిరిగే జాతరకి వెళ్లాం. కిరీటం పెట్టుకున్న మా ఆయన, ఫోటో కోసం అక్కడ ఉన్న, పూర్వం నేరస్థుల్ని బంధించే బొండకొయ్యలో తలా చేతులూ పెట్టారు. నేను పైచెక్క దించి గడియ వేశాను. వెంట తెచ్చిన పులిహోర ఆయన నోట్లో కుక్కాను.

"ఎలా ఉంది?"

"ఏయ్, అందరూ చూస్తున్నారే! ఓపెన్ చెయ్!"

"ముందు చెప్పండి."

"అమ్మ చేసేదానికన్నా బాగుంది, తల్లీ!"

ఫోటో తీస్తున్నట్టు పట్టుకున్న ఫోన్ స్క్రీన్‌ని ఆయన వైపు తిప్పాను. వీడియో కాల్‌లో అత్తయ్య!

"అలాగా నాయనా?" అన్నారావిడ.

కిరీటం జారి కింద పడింది. మూడేళ్ల కసి ఆ ఒక్క మాటతో తీరింది. అయినా గడియ తీయడానికి నేనేమీ తొందరపడలేదు.