పనికిరాని బూట్ల గది

దేశానికి మహిళల హ్యాండ్‌బాల్ జట్టు ఒకటి ఉందని దేశంలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లలో సగం మంది అది వాలీబాల్ అనుకుంటారు. ప్రభుత్వం మాత్రం పొరపడకుండా ఏటా ఆ జట్టుకు గ్రాంటు ఇస్తూ వచ్చింది. ఆ గ్రాంటుతో కొన్న ప్రతి బూటుకూ, ప్రతి బంతికీ ఈ భూమ్మీద జవాబు చెప్పాల్సినవాడు ఒక్కడే. ఇండోర్ స్టేడియంలో గ్యాలరీ మెట్ల కింద గదిలో కూర్చునే స్టోర్ కీపరు.

ఆ గది కప్పు ఏటవాలుగా ఉంటుంది. ఇరవయ్యారేళ్లుగా తల వంచి తిరిగిన అలవాటుకొద్దీ ఆయన వీధిలో కూడా కాస్త వంగే నడిచేవాడు. కొత్తవాళ్లు అది వినయం అనుకునేవారు. ఆటగత్తెలను ఆయన పేర్లతో పిలవడు, జెర్సీ నంబర్లతో పిలుస్తాడు. ఇంటిపేర్లు మారతాయి, రిజిస్టరులో నంబరు మారదు అన్నది ఆయన సిద్ధాంతం. వాళ్లు మాత్రం ఆయన్ని బాబాయ్ అంటారు.

పాత బూట్లు తెచ్చి ఇస్తేనే కొత్తవి ఇవ్వాలని నిబంధన. తెచ్చిన పాతవాటిని పారేసే అధికారం మాత్రం ఆయనకు లేదు. అవి నిజంగానే పనికిరావని ముగ్గురు సభ్యుల కమిటీ కళ్లారా చూసి సంతకాలు పెట్టాలి. ఆ కమిటీ నాలుగేళ్లుగా కూడలేదు. ఒక సభ్యుడికి బదిలీ అయింది. ఇంకొకాయన రిటైరయ్యాడు. మిగిలిన ఒక్కాయనా మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేనని ఏటా ఉత్తరం రాసేవాడు. స్టోర్ కీపరు ఆ ఉత్తరాలను కూడా భక్తిగా ఫైలు చేశాడు. ఈలోగా చిరిగిన బూట్లు నూట తొంభై జతలయ్యాయి. ప్రతి జతకూ పురికొసతో కట్టిన చీటీ, దాని మీద నంబరు, ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ. వాసన సంగతి చెప్పకపోవడమే మర్యాద.

ఒకసారి ఇంటి గుమ్మంలో తెగిన చెప్పు పట్టుకుని ఆయన ఆలోచనలో పడితే భార్య చూసి, "పారేయండి, ఫర్వాలేదు. ఇక్కడ కమిటీ అంటే నేనే" అంది.

ఆ వేసవిలో ఆర్థిక శాఖ నుంచి కాగితం వచ్చింది. జట్టుకిచ్చిన బూట్లు బజారులో అమ్ముకుంటున్నారని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశాడట. తనిఖీ పూర్తయ్యేదాకా గ్రాంటు ఆపేశారు. గ్రాంటు రాకపోతే వారంలో జట్టు శిక్షణ క్యాంపు మూతపడుతుంది. క్యాంపు మూతపడితే వచ్చే నెల టోర్నమెంటుకు జట్టే ఉండదు.

కెప్టెన్ అయిన ఏడో నంబరు వచ్చి స్టోరు గుమ్మం దగ్గర కూర్చుంది. "ఒకసారి ఇంటికెళ్తే మా నాన్న మళ్లీ పంపడు బాబాయ్. కిందటిసారే నెల్లాళ్లు బతిమాలాను" అంది. అది రాసుకోవడానికి రిజిస్టరులో గడి లేదు. ఆయన ఆ పూట టీ తాగలేదు.

తనిఖీకి ముందురోజు కోచ్ హడావిడిగా దిగింది. "ఆ చెత్తంతా ఇవాళే లారీ ఎక్కించేయండి. అది చూశారంటే ఇక మనకు పైసా రాదు."

"అలాగే మేడమ్. ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండి."

రాసివ్వడానికి ఆవిడకు తీరిక లేకపోయిందో, ధైర్యం లేకపోయిందో గానీ బూట్లు ఉన్నచోటే ఉండిపోయాయి.

కళ్లజోడు గొలుసుకు వేలాడేసుకున్న ఆర్థిక శాఖ అధికారిణి మర్నాడు నిటారుగా గదిలోకి అడుగుపెట్టి, కప్పుకు తల కొట్టుకుంది. ఆరంభం ఏమంత శుభంగా లేదు. నుదురు రుద్దుకుంటూనే రిజిస్టరు తెరిచి ఒక వరుస మీద వేలు పెట్టింది. ఏడో నంబరు, కిందటేడు, మూడో జత ఎక్కడని అడిగింది. ఆయన తెచ్చాడు. మరొకటి అడిగింది. అదీ వచ్చింది. అలా తొమ్మిది అడిగితే తొమ్మిదీ వచ్చాయి.

"అన్నిట్లోనూ ఎడమ బూటే ముందు పోయిందేం? నాసిరకం కొన్నారా?"

ఆయన గుమ్మం వైపు చూశాడు. అక్కడ నిలబడ్డ ఏడో నంబరు వరండాలో మూడంగలు వేసి, ఎడమ కాలు తన్ని గాల్లోకి లేచి, చేతిలో లేని బంతిని గోడకేసి విసిరి దిగింది. గది కప్పు నుంచి దుమ్ము రాలింది.

"రోజుకు మూడొందలసార్లు ఇదే పని మేడమ్" అన్నాడు స్టోర్ కీపరు. "బూటు మాత్రం ఏం చేస్తుంది పాపం."

అధికారిణి బూటు అడుగున ఉన్న చిల్లులోకి వేలు పోనిచ్చింది. వేలు బూటు లోపల తేలింది. దాన్ని కాసేపు అలాగే చూసింది.

"వీటినెందుకు పారేయలేదు?"

"కమిటీ కూడలేదు మేడమ్. నాలుగేళ్లయింది."

"అదృష్టవంతులు" అంది ఆవిడ.

సామాను వాడారనీ, వాడదగినదానికన్నా ఎక్కువే వాడారనీ ఆవిడ నివేదిక రాసింది. మనిషికి ఏడాదికి మూడు జతలు చాలవు, అయిదు ఇవ్వాలని కూడా చేర్చింది. వారం తిరక్కుండా గ్రాంటు వచ్చింది. ఆ రకంగా జట్టు ప్రభుత్వానికి రెండు విధాల రుణపడింది: డబ్బిచ్చినందుకూ, కమిటీని కూర్చోబెట్టనందుకూ.

ప్రయాణానికి రెండు రోజుల ముందు కొత్త బూట్లు దిగాయి. ఆటగత్తెలు మెట్ల కింద వరస కట్టారు. ఏడో నంబరు పాత జత అప్పజెప్పి, కొత్త జత చేతిలో పట్టుకుని, "మీ మేలు మర్చిపోం బాబాయ్" అంది.

"నాదేముంది? ఆ మోకాళ్ల నొప్పులాయనకు చెప్పు. ఇక్కడ సంతకం పెట్టు."

సంతకం పెట్టింది. పక్కన 'బూటు పరిస్థితి' అన్న గడిలో, 'సోలు ఊడినది' అని ఉండాల్సినచోట, 'కృతజ్ఞతలు' అని రాసి వెళ్లిపోయింది. రిజిస్టరులో అక్కర్లేని మాట కనిపిస్తే స్కేలు పెట్టి ఎర్ర సిరాతో కొట్టేయడం ఆయనకు ఇరవయ్యారేళ్ల అలవాటు. స్కేలు పెట్టాడు. ఎర్ర పెన్ను మూత తీశాడు. ఆ మాట ఇంకోసారి చదువుకున్నాడు.

తర్వాత మూత పెట్టేసి, "ఎనిమిదో నంబరు రావాలి" అన్నాడు.