దిబ్బయ్య ఉరుఫ్ మోహనకృష్ణ

ఆ రోజుల్లో మనిషి ఊరు మారాలంటే ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట, వాటిని బస్సు పైకెక్కించి కట్టేదాకా నిలబడే ఓపిక ఉంటే సరిపోయేది. చదువుకునేవాడు విశ్వవిద్యాలయం మారాలంటే మాత్రం ఆ మూడూ చాలేవి కావు. భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడి ఇంకా గీతల తడి ఆరని కాలం. మా బాగేపల్లి మైసూరు రాష్ట్రంలో ఉంది. మా మేనమామ ఉద్యోగం చేసే అనంతపురం ఆంధ్రలో ఉంది. ఇది మా ఇళ్ళలో ఎవరికీ పెద్దగా పట్టని విషయం. మా అమ్మ పుట్టిల్లు చాకవేలు. అక్కడి నుంచి నాలుగు చేలు దాటితే పక్క రాష్ట్రమే. (మా అమ్మగారింటి ఎద్దులు రోజూ రాష్ట్రం దాటి మేసి సాయంత్రానికి తిరిగొచ్చేవి. వాటినెవరూ సర్టిఫికెట్లు అడగలేదు.) నన్ను అడిగారు.

నేను ఐదో తరగతి నుంచీ మామ ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. బి.ఎస్సీ. మొదటి ఏడు ముగిసేసరికి మామకు కర్నూలు అవతల ఎక్కడికో బదిలీ అయింది. ఆయన సామాను బండికెక్కించుకుని వెళ్ళిపోయాడు. తిండికీ పడకకూ చోటు లేక నేను మిగిలాను. బెంగళూరులో మా వాళ్ళ హాస్టలు ఒకటి ఉంది కాబట్టి రెండో ఏడు అక్కడి కాలేజీలో చేరాలని నిర్ణయమైంది. అక్కడ గోడకు అంటించిన కాగితంలో, వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చేవాళ్ళు తేవలసినవి వరుసగా రాసి ఉన్నాయి. వదిలి వచ్చిన కాలేజీ టి.సి., ఆ విశ్వవిద్యాలయం ఇచ్చే మైగ్రేషన్ సర్టిఫికెట్, మార్కుల పట్టీ, నడవడిక మంచిదని ప్రిన్సిపాలు సంతకం, అక్కడి చదువు ఇక్కడి చదువుకు సరితూగుతుందని అర్హత పత్రం. (అక్కడ నేను కోసింది కప్పను. ఇక్కడ మొదటి ఏడు బొద్దింకను కోయిస్తారట. కప్ప బొద్దింకకు ఏమాత్రం తీసిపోదని పెద్దలు తేల్చడానికి మూడు వారాలు పట్టింది.) ఇవన్నీ ఎలాగో సంపాదించాను. చివరి వరుసలో ఇంకొకటి ఉంది. బయట చదివినా ఈ రాష్ట్రంవాడినేనని చెప్పుకునేవాడు ఇక్కడి ప్రాథమిక పాఠశాల దాఖలా చూపాలి. చూపకపోతే పరాయి రాష్ట్రంవాళ్ళ లెక్కలోకి పోతాడు. ఆ లెక్కలో సీట్లు అప్పటికే నిండిపోయాయి.

ఆ చివరి వరుస ఒక్కటే నాకు చిక్కు. ఎందుకంటే బాగేపల్లి బడి రిజిస్టరులో మోహనకృష్ణ అనేవాడు లేడు. అక్కడున్నవాడు దిబ్బయ్య.

ఆ పేరెందుకు పెట్టారని నేను ఇంట్లో ఎన్నడూ అడగలేదు. మా తాత కొండప్ప, మా నాయన గుట్టప్ప కాబట్టి, ఎత్తు తగ్గుతూ తగ్గుతూ నా దగ్గరికొచ్చేసరికి దిబ్బ మిగిలిందనుకున్నాను. అనంతపురంలో బడిలో చేర్చేనాడు హెడ్మాస్టరు పేరడిగితే, మామ నోరు తెరిచేలోపు నేనే "మోహనకృష్ణ" అన్నాను. అంతకు ముందు రోజు చూసిన నాటకంలో రాజకుమారుడి పేరది. మామకు నా పాత పేరు మీద ఎప్పుడూ ప్రేమ లేదు, తల ఊపాడు. హెడ్మాస్టరు ఆయన స్నేహితుడు. "బాగేపల్లి దాఖలా తర్వాత తెచ్చిస్తాం" అన్న మాట మీద చేర్చుకున్నాడు. ఆ "తర్వాత" తొమ్మిదేళ్ళకు వచ్చింది.

బాగేపల్లి బడిలో హెడ్మాస్టరును ఊరంతా సన్న మేష్ట్రు అనేవారు. ఆయన పాత రిజిస్టరు దుమ్ము దులిపి, దిబ్బయ్య బిన్ గుట్టప్ప, అంటే గుట్టప్ప కొడుకు దిబ్బయ్య అని చక్కని కన్నడ అక్షరాల్లో దాఖలా రాసిచ్చాడు. దాన్ని మిగతా కాగితాల అడుగున పెట్టుకుని బెంగళూరు చేరాను. అడుగున ఉన్నదాన్ని ఎవరూ చూడరని పద్దెనిమిదేళ్ళ వయసులో ఒక నమ్మకం ఉంటుంది.

కాలేజీ గుమాస్తా ఎర్ర సిరాతో తప్ప రాయని మనిషి. కాగితాలన్నీ చూసి, చివరిది పైకి తీసి, "యారప్పా ఇదు, దిబ్బయ్య?" అని కన్నడంలో ఆ గది గోడలన్నిటినీ అడిగాడు. నా వెనక వరుసలో, తండ్రితో వచ్చిన ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు. వాళ్ళలో ఒకామె తలెత్తి, ఆ పేరుగలవాడు ఎలా ఉంటాడోనని చుట్టూ చూసింది. నేను కూడా ఆమెతో పాటు చుట్టూ చూశాను.

"అది మా అన్నది సార్. ఇంట్లో తొందరలో ఒకదానికి బదులు ఇంకోటి పెట్టేసినారు," అన్నాను.

"మీ అన్న ఎక్కడ చదువుతున్నాడు?"

అన్న ఉంటే ఒక కాలేజీ ఉండాలి, కాలేజీ ఉంటే ఒక క్లాసు ఉండాలి. ఆ ప్రశ్నల వరుసంతా ఒక్కసారిగా కళ్ళ ముందు కనిపించింది. "లేడు సార్. పోయినాడు," అన్నాను.

గుమాస్తా కలం ఆగింది. కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. తర్వాత ఆ దాఖలాను తిరగేసి, "ఈ విద్యార్థి మృతుడని తమ్ముడు తెలిపినందున వాపసు" అని ఎర్ర సిరాతో రాసి, మొహరు వేసి, రెండు చేతులా నాకిచ్చాడు. "మీ అమ్మ చేతికివ్వు నాయనా, దాచుకుంటుంది. నీ సొంత దాఖలా సోమవారం సాయంత్రం లోపల తీసుకురా. ఆ తర్వాత నా చేతిలో ఏమీ లేదు," అన్నాడు. ఆ అమ్మాయిల కళ్ళలో జాలి చూసి, అబద్ధానికి ఇంత గౌరవం ఉంటుందా అనుకుంటూ బయటికొచ్చాను.

ఆ సంతోషం పేరేసంద్ర దాకా నిలిచింది. అక్కడ బస్సు ఆగితే దిగి జామకాయ కొనుక్కుని ఒక కొరుకు కొరికాక అర్థమైంది. మోహనకృష్ణ ఈ రాష్ట్రంలో ఏ బడిలోనూ చదవలేదు. చదివినవాడు ఒక్కడే, వాణ్ణి నేను పొద్దున చంపి వచ్చాను.

మోహనకృష్ణ పేరుతో ఇంకో దాఖలా ఇమ్మంటే సన్న మేష్ట్రు ఒప్పుకోలేదు. "దాఖలా ఒగసారే ఇచ్చేదప్పా. రెండోది ఇయ్యాలంటే పైనుంచి ఆర్డరు రావల్ల. దానికన్నా ఇదే పట్టుకోనిపో. అమ్మనో నాయన్నో పిల్చుకోనిపోయి, రెండు పేర్లూ ఒగనివే అని అమల్దారు ముందర చెప్పించు. ఆయప్ప సహి వేస్తే ఎవురూ మాట్లాడరు," అన్నాడు. ఆయనకు నేను ముందు వైపే చూపించాను.

మా అమల్దారు (ఆంధ్రలో అయితే తహసీల్దారు) సెలవులో ఉన్నాడు. ఆయన పని కూడా చింతామణి అమల్దారే చూస్తున్నాడు. శనివారం మా నాయనకు వేరుశనగ బండ్లు వచ్చే రోజు, అంగడి వదలడానికి వీల్లేదు. "మీయమ్మను పిల్చుకోనిపో. కన్నది ఆమె గదా, ఆమెకే బాగా తెలుసు," అన్నాడు. అంతవరకు ఏ కచేరీ గడపా తొక్కని మా అమ్మ, పెండ్లిళ్ళకు కట్టే ఆకుపచ్చ చీర కట్టుకుని, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నా వెంట బస్సెక్కింది. బస్సులో ఒక్క మాటే అడిగింది. "ఆయప్ప తెలుగు మాట్లాడతాడా?" మాట్లాడకపోయినా అర్థం చేసుకుంటాడన్నాను. నిశ్చింతగా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వెనక వైపు రాత గురించి చెప్పాలని మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ ఏదో ఊరు వచ్చింది.

చింతామణిలో కచేరీ జవాను, "దొర ఇప్పుడే చిక్కబళ్ళాపురం పోయిరి, మీటింగు," అన్నాడు. మళ్ళీ బస్సు. మేము చిక్కబళ్ళాపురం కచేరీ ముందు దిగేసరికి మీటింగు ముగిసి, ఆయన జీపు దగ్గర నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచించుకుంటుంటే మా అమ్మ నేరుగా పోయి జీపు ముందర నిలబడింది. "సామీ, బాగేపల్లి నుంచి చింతామణికి పోయి, ఆడ్నించి ఇక్కడికి వస్తిమి. మావానికి పేరు రాసియ్యల్ల," అంది. ఆయన ఆమెనూ, ఆమె కాళ్ళ దుమ్మునూ చూసి, వెనక్కి తిరిగి గదిలోకి నడిచాడు.

ఆయన అడిగింది కన్నడంలో, మా అమ్మ చెప్పింది తెలుగులో. ఇద్దరికీ ఇబ్బంది కలగలేదు. రెండు పేర్లూ వీనివేనా అంటే వీనివే అంది. నువ్వే తల్లివా అంటే నేనే అంది. సరేనని ఆయన కలం ముంచి, రాయడానికి ఖాళీ చోటు కోసం కాగితం తిరగేశాడు.

ఎర్ర సిరా అంత ఎర్రగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన రెండుసార్లు చదువుకుని, "ఇతను చనిపోయినాడని రాసి ఉంది కదమ్మా," అన్నాడు.

"ఎవురు సామీ?"

"దిబ్బయ్య. తమ్ముడు చెప్పినాడంట."

"వీనికి తమ్ముడు లేడు," అంది మా అమ్మ. తర్వాత నా వైపు చూసింది.

"నేనేమ్మా చెప్పింది," అన్నాను. "ఆడ అందరి ముందర ఆ పేరు చదివితే సిగ్గాయ. అన్నది అని చెప్తి. అన్న యాడ అంటే పోయినాడంటి."

ఆమె అక్కడే నన్ను ఒక దెబ్బ వేసి ఉంటే నాకు సులువుగా ఉండేది. వేయలేదు. చీర కొంగు సర్దుకుని, అమల్దారుతో, బియ్యం ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"వీనికన్నా ముందర ముగ్గురు పుట్నారు సామీ. ఒగడు నెలకి పాయ. ఒగడు నడక నేర్చినాక పాయ. ఆడబిడ్డ పురిట్లోనే. వీడు పుట్నప్పుడు మా అత్త వీన్ని చేటలో ఏసుకోని, ఇంటెనకాల పేడదిబ్బ మింద పండబెట్టి, ఇది మాకొద్దు, పారేస్తాండాము అని గెట్టిగా చెప్పింది. పక్కూరు పాతపాళ్య ఆమె ఒగామె ఎత్తుకోనొచ్చి, పిడికెడు నూకలు తీసుకోని మళ్ళా మాకిచ్చింది. పారేసినదాని మింద ఎవురికీ ఆశ ఉండదు గదా సామీ. అందుకని ఆ పేరు. అనంతపురంలో వీడు పేరు మార్చుకున్నాడని మా తమ్ముడు చెప్పినప్పట్నించి నాకు లోపల భయమే. ఇంట్లో మేము పిలుస్తానే ఉండాము గదా, చాల్లే అనుకుంటి."

నా ముందు ముగ్గురున్నారని నాకు ఆ గదిలో, ఆ కుర్చీల మధ్య, పరాయి మనిషితో చెబుతుంటే తెలిసింది. అన్న పోయాడని నేను చెప్పింది అబద్ధం కూడా కాదు. పోయినవాళ్ళలో నన్ను కలపకుండా ఉండడానికి ఆమె పద్దెనిమిదేళ్ళుగా కాపాడుకున్న పేరునే నేను ఆ లెక్కలో రాయించాను.

అమల్దారు కలం కింద పెట్టాడు. తర్వాత పక్కనున్న ఏదో కాగితం మీది తన సంతకాన్ని నాకు చూపించాడు. "ఇక్కడ మొదట టి అని ఉంది, చూసినావా? మా నాన్న పేరు అది. తిప్పయ్య. మా చిత్రదుర్గం వైపు తిప్పె అంటే మీ దిబ్బే. ఎనభై దాటినా బావిలో నీళ్ళు తోడుకునేవాడు." కలం మళ్ళీ సిరాలో ముంచాడు. "నేను మాత్రం ఉద్యోగంలో చేరినప్పటి నుంచి టి అనే రాస్తాను," అన్నాడు, నన్ను కాక కిటికీని చూస్తూ.

ఎర్ర రాతను అడ్డంగా కొట్టేసి, కింద ఇలా రాశాడు: "దిబ్బయ్య ఉరుఫ్ మోహనకృష్ణ ఈ దినం తల్లితో కూడా నా ఎదుట హాజరైనాడు. ఆ పేర్లవాళ్ళిద్దరూ ఒక్కరే. మృతుడు కాడు." (తర్వాత నాకు పట్టాలు చాలా వచ్చాయి. ఇంత స్పష్టంగా నా పరిస్థితి చెప్పింది వాటిలో ఒక్కటీ లేదు.)

తిరుగు బస్సులో మా అమ్మ మళ్ళీ కిటికీ పక్కనే కూర్చుంది. నేను క్షమాపణ అడగడానికి మాటలు వెతుక్కున్నాను. మా ఇళ్ళలో తల్లిని క్షమాపణ అడిగే అలవాటు లేదు కాబట్టి మాటలు దొరకలేదు. చివరికి ఆమే అంది. "నీకు సిగ్గయితే ఆ పేరు ఇడ్సి పెట్టప్పా. ఇన్నేండ్లు పని చేసింది గదా, చాలు. ఇంగ నువ్వు పెద్దోనివైతివి."

సోమవారం మధ్యాహ్నం గుమాస్తా కాగితాన్ని రెండు వైపులా చదివి, కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "అయితే మీ అన్న తిరిగొచ్చినాడు."

"అన్నలు నిజంగానే ఇద్దరుండిరి సార్. అక్క కూడా ఒకామె. దిబ్బయ్య మాత్రం నేనే," అన్నాను.

ఆయన ఇంకేమీ అడగకుండా చేర్చుకున్నాడు. కాని కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించే మనిషి కావడంతో, హాజరు పట్టీలో కూడా నా పేరు ఉరుఫ్‌తో సహా ఎక్కింది. రెండేళ్ళపాటు ప్రతి లెక్చరరూ దాన్ని పూర్తిగా చదివాడు. మొదటి వారం నేను నేల చూస్తూ పలికాను. తర్వాత తర్వాత క్లాసంతా నాకన్నా ముందే పలికేది.

మా అమ్మ మాత్రం ఆ శనివారం నుంచి ఇంట్లో నన్ను జాగ్రత్తగా "మోహనా" అని పిలవడం మొదలుపెట్టింది. కొత్త చెప్పులు వేసుకుని నడిచినట్టు ఉండేది ఆమె నోట్లో ఆ పేరు. పాత పేరుతోనే పిలవమని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఆ వయసులో అది కూడా సిగ్గే. రెండో ఏడు పరీక్షల ముందు హాస్టల్లో జ్వరం తగిలి ఇంటికొచ్చి పడుకున్నాను. మా అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తెలుసుకుని, "దిబ్బా, కొంచెం గంజి తాగుతావా?" అంది. ఊ అన్నాను. జ్వరం మూడో రోజుకు తగ్గింది. తగ్గించింది డాక్టరు ఇచ్చిన మందేనని, సైన్సు చదివినవాడిగా, నేను ఇప్పటికీ వాదిస్తాను. కాని గట్టిగా కాదు.